నేపియర్ పట్టికకు ‘ఇ’ ఆధారం కాదు

స్కాట్లండ్ గణితజ్ఞుడు జాన్ నేపియర్ ‘ఇ’ (సుమారు 2.718 విలువ గల స్థిరాంకం) ఆధారంగా లాగరిథమ్‌లను, అంటే గుణకారాన్ని కూడికగా మార్చే సంఖ్యలను, నిర్మించారని లాగరిథమ్‌ల గురించిన ఒక వ్యాసంలో ఉంది. ఇది తప్పక సవరించవలసిన మాట. 1614లో ఎడిన్‌బరోలో వెలువడిన ఆయన పట్టికలో ఆధారం (ఏ సంఖ్య ఘాతాంకాలుగా లాగరిథమ్‌లను లెక్కిస్తామో ఆ సంఖ్య) అన్న భావనే లేదు: ఒక బిందువు సమవేగంతోనూ, మరొకటి తనకు మిగిలిన దూరానికి అనులోమంగా తగ్గే వేగంతోనూ కదులుతున్నట్లు ఊహించి, రెండోదానికి మిగిలిన దూరానికి మొదటిది సాగిన దూరాన్ని లాగరిథమ్‌గా తీసుకుని, కోటికి లాగరిథమ్ సున్నా అయ్యేలా ఆయన త్రికోణమితిలోని సైన్ విలువలకు లాగరిథమ్‌లు లెక్కకట్టారు. తొలుత ‘కృత్రిమ సంఖ్యలు’ అన్నవాటికే, నిష్పత్తి, సంఖ్య అనే అర్థాలున్న గ్రీకు మాటలను కలిపి తరువాత ‘లాగరిథమ్’ అన్న పేరు పెట్టారు. నిష్పత్తులే ఆ పద్ధతికి ప్రాణం కనుక అది ఎంతో సముచితం. ఒకటికి లాగరిథమ్ సున్నా, పదికి ఒకటి అన్న అమరిక, 1615లో ఆంగ్ల గణితజ్ఞుడు హెన్రీ బ్రిగ్స్ లండన్ నుంచి నేపియర్ ఇంటికి వెళ్లి చర్చించాకే రూపుదిద్దుకుంది. ఇలాంటి పట్టికనే స్వతంత్రంగా తయారుచేసి 1620లో ప్రాగ్‌లో అచ్చువేయించిన గడియారాల నిపుణుడు యోస్ట్ బ్యుర్గి పేరు కూడా వ్యాసంలో ఉండవలసింది.