వంటల పుస్తకాలతో సరిపెట్టకండి

విదేశీ పబ్లిక్ లైబ్రరీల్లో ఫిలిప్పీన్స్ సంస్కృతికి చోటుండాలన్న వ్యాసం బాగుంది. శాన్ ఫ్రాన్సిస్కో మెయిన్ లైబ్రరీలో 1996 నుంచే ఫిలిపినో అమెరికన్ సెంటర్ ఉంది. కానీ చాలాచోట్ల అడోబో లాంటి ఫిలిపినో వంటకాల పుస్తకాలు, ఆ దేశ ప్రధాన భాష టగలాగ్‌లో నాలుగు నవలలు పెట్టి చేతులు దులుపుకుంటే లాభం లేదు. 1906 నుంచి ఫిలిప్పీన్స్ వదిలి హవాయి చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఇలొకానోలు, అంటే ఆ దేశపు ఉత్తర ప్రాంతంవాళ్లు; వాళ్ల భాష వేరు. మరి వాళ్ల భాషలో పుస్తకాలేవి?

1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్ష తోటల సమ్మె మొదలుపెట్టింది కార్మిక నాయకుడు లారీ ఇట్లియాంగ్ వెంట నడిచిన ఫిలిపినో కూలీలే (పేరు మాత్రం మెక్సికన్ అమెరికన్ కూలీల నాయకుడు సీజర్ చావెజ్‌కే ఎక్కువ వచ్చింది). అలాంటివాళ్ల ఉత్తరాలు, యూనియన్ కార్డులు, కూలీల క్యాంపుల్లో దిగిన ఫొటోలు మనవళ్ల ఇళ్లలో అట్టపెట్టెల్లో పడి ఉంటాయి. లైబ్రరీవాళ్లు ఓ శనివారం స్కానర్ పెట్టి, ఒరిజినల్ అక్కడికక్కడే తిరిగిచ్చేస్తామంటే జనం తెస్తారు. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు, ఊరు రాయించుకోవడం మాత్రం మర్చిపోకూడదు.