అనుభవదారు కాలమ్‌లో మా అమ్మ పేరు రాయండి

దేవరకొండలో మా అమ్మ మంచం జరగలేదు. ఎదురుగా గోడకున్న టీవీ కూడా జరగలేదు. ఆ రెంటి మధ్య పది అడుగుల జాగా మాత్రం అమ్ముడుపోతూనే ఉంది.

మొన్న ఆదివారం ఆమె టీవీలో సీరియళ్ల యాప్ తెరిస్తే మళ్లీ లాగిన్ కమ్మంది. యాప్ పేరు రాయను, ఇది మీరు చదివేలోపు మారిపోవచ్చు. ఓటీపీ పంపామంది. అది ఏనాడో రీచార్జి మానేసిన పాత సిమ్ముకు పోయింది. "నేనేడికీ పోలే గద బిడ్డా, నన్ను పట్టుకొని ఎవరు నువ్వంటదేంది?" అంది అమ్మ.

న్యాయమైన ప్రశ్న. అందుకే లింకు డాక్యుమెంట్లు తిరగేశాను. నమూనాకు ఒక్క సర్వే నంబరు చూడండి. మా టీవీ 2002లో మొదలైంది. 2015లో స్టార్ కొన్నది. 2019లో ఆ స్టార్‌నే డిస్నీ కొన్నది. 2024 నవంబరు 14న డిస్నీ ఇక్కడి వ్యాపారం, రిలయన్స్ వారి వయాకామ్18 కలిసి 70,352 కోట్ల జియోస్టార్ అయ్యాయి. మూడు నెలలకు, ప్రేమికుల రోజున, వాళ్ల యాప్‌లు హాట్‌స్టార్, జియోసినిమా రెండూ ఒక్కటయ్యాయి. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ బాగానే పెట్టారు.

ఊళ్లో రెండు గుంటలు చేతులు మారితేనే పక్క పొలం వాడు పరుగెత్తుకొస్తాడు. ఇన్నిసార్లు పేరు మార్పిళ్లు (మ్యుటేషన్లు) జరిగితే చూసేవాళ్లకు ఒక్క నోటీసు లేదు. కాబట్టి ప్రభుత్వానికి నా వినతి: పొలం ఎవరిదో, అనుభవిస్తున్నది ఎవరో (అనుభవదారు) రాసే పహాణీ చానళ్లకు కూడా రాయించాలి.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అదే మన గిర్దావర్ గారు, మా ఇంటికి రావాలి. సర్వేయరు మంచం కోడు నుంచి టీవీ దాకా చైను లాగాలి. హద్దులు రాసుకోవాలి: తూర్పున కూలరు, పడమర బియ్యం డ్రమ్ము, ఉత్తరాన దేవుడి పటాలు, దక్షిణాన అల్లుడు పెట్టిపోయిన, ఎవరికీ అర్థం కాని డబ్బా. పంట కాలమ్: వానాకాలం బిగ్ బాస్, యాసంగి ఐపీఎల్, ఏడాది పొడుగునా సీరియల్. నీటి వనరు: అమ్మ కండ్లు. పంచనామా మీద పక్కింటి యాదమ్మత్త వేలిముద్ర వేస్తుంది, ఎందుకంటే ఆమె కూడా అక్కడే కూర్చుంటుంది, ఆమెది కౌలు. అప్పుడు గిర్దావర్ గారు కళ్లజోడు సర్దుకొని అడగాలి: "ఏమ్మా, ఎన్నేండ్ల సంది కబ్జాల ఉన్నవ్?" అమ్మ చెప్తుంది: "మా పెద్దాయన పోయినప్పటి సంది."

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు. పొద్దుగూకినంక రెండు గంటలు ఆ ఇంట్ల మాట్లాడే మనుషులంటే ఆ టీవీల ఉన్నోళ్లే. ఆ రెండు గంటలను మీరు లెక్కల "కస్టమర్ బేస్" అని రాసుకొని ఒకరికొకరు అమ్ముకుంటరా? 2024 ఆగస్టుల, వ్యాపారాల్ల పోటీ సూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఈ విలీనానికి ఊ అంది, షరతులు పెట్టింది. క్రికెట్ల టీవీ యాడ్లు, ఓటీటీ యాడ్లు కలిపి కట్టగట్టి అమ్మొద్దన్నది. మంచిదే. యాడ్లిచ్చే కంపెనీల గోస ఢిల్లీ దాకా ఇనబడ్డది. మరి యాడ్లు సూసేటోళ్ల గోస? 2023ల ఐపీఎల్ జియోసినిమాల, ఫోన్ల ఊరికే సూపిచ్చిండ్రు. రెండు యాప్‌లు ఒక్కటైనంక సబ్‌స్క్రిప్షన్ ముచ్చట బయటికొచ్చింది. మా దిక్కు దీన్ని ఎవ్వరికీ ఇడమరిచి చెప్పే పని లేదు. పక్కోళ్ల బోర్లు ఎండేదాక నీళ్లు ఊరికే ఇడిసి, ఎండినంక మోటరుకు తాళమేసే పెద్దమనిషిని ప్రతి ఊరు సూసింది. భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ ఎత్తేస్తే దున్నేటోడు కాయితం మీద లేకుండ పోయిండు. టీవీ కాయితాలల్ల ఆ కాలమ్ పుట్టనే లేదు.

క్షమించాలి. వినతిపత్రంలోకి మళ్లీ వస్తాను.

ఓటీపీ సంగతి. పాత నంబరుకు ఫోన్ చేశాను. కల్వకుర్తి దగ్గర ఎవరో ఎత్తారు. సంగతంతా చెప్పాను, ఓపిగ్గా విన్నాడు. ఓటీపీ వచ్చిందట, ఒకటి కాదు, నాలుగు.

"జర చెప్పు తమ్ముడూ, మా అమ్మ సీరియల్ చూస్తది."

"మా అమ్మ గూడ అదే సూస్తదన్నా. గని ఓటీపీ ఎవ్వలికీ చెప్పొద్దని నడుమనడుమ ఆ టీవీలనే చెప్తున్నరు గద" అని పెట్టేశాడు.