మైపాడు ఇసుకను మైపాడులోనే ఉండనివ్వండి

అక్వేరియం కొనేటప్పుడు గ్లాసు ఎన్ని ఎంఎం అని అడుగుతాం, ఫిల్టర్ ఏ కంపెనీదో అడుగుతాం, లైటు వేయించి మరీ చూస్తాం. అడుగున పోసే ఇసుక దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి వేసెయ్యండి" అంటాం. ఇంకొందరైతే నెల్లూరు దగ్గరి మైపాడు లాంటి బీచ్ నుంచి తెచ్చి పోసేస్తారు. నా బాధంతా అక్కడే. కోరీలాంటి చేపలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) పగలంతా తిరిగేది, తిండి వెతుక్కునేది ఆ ఇసుకలోనే.

సంక్రాంతికి ఒంగోలులో అక్క వాళ్లింటికి వెళ్తే మేనల్లుడు కొత్త ట్యాంకు చూపించాడు. "మామా, ఇసుక కొనలేదు. కొత్తపట్నం బీచ్ నుంచి తెచ్చుకున్నాం. ఉప్పు పోయేదాకా పదిసార్లు కడిగా" అన్నాడు. పన్నెండు నియాన్ టెట్రా చేపలు వేస్తే అప్పటికి నాలుగే మిగిలాయి. కడిగితే ఉప్పు పోతుందిరా, గవ్వల ముక్కలు ఎక్కడికి పోతాయి? అవి కాల్షియం కార్బొనేట్. నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతూ పీహెచ్‌నీ, నీటి కఠినత్వాన్నీ పెంచుతాయి. పీహెచ్ పెరిగితే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. కొత్త ట్యాంకులో ఆ అమ్మోనియాను మార్చే బాక్టీరియా స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది. వాడు మూడో రోజే చేపల్ని వదిలేశాడు. అందుకే ఇసుక ఒక్కటే చంపిందని అనను. కానీ మెత్తటి నీళ్లు, అంటే కఠినత్వం తక్కువున్న నీళ్లు కావాల్సిన టెట్రాలకు అది అడుగున వేయదగ్గ ఇసుక కాదు. గప్పీలు, మోలీలైతే కఠిన జలాన్ని బాగానే తట్టుకుంటాయి.

ఏ ఇసుకనైనా ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఎండిన ఇసుక రెండు చెంచాలు గిన్నెలో వేసి వెనిగర్ పోయండి. బుసబుసమని బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టే. వాడి బీచ్ ఇసుక మీద పోయగానే నురగ వచ్చింది. పిల్లవాడి మొహం చూడలేకపోయాను.

షాపుల్లో అమ్మే రంగు రాళ్ల మీద నాకు ఇంకా కోపం. మొదట్లో నేనూ నెల్లూరులో ఒక షాపులో ఎర్రవి, నీలంవి కొన్నాను. కడిగితే బకెట్ నీళ్లు ఎర్రబడ్డాయి. "మామూలేనండీ, ఏం కాదు" అన్నారు. ఆరు నెలలకు రంగు పెచ్చులుగా లేచిపోయింది. రాళ్ల సందుల్లో పడిన మేత అక్కడే కుళ్లింది. గరుకు అంచులు, ఆ మురికి కలిసి నా కోరీల మీసాలు అరిగిపోయాయి. అవి మూతితో ఇసుక తోడుకుని, మేత ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేసే చేపలు. రాళ్లలో ఆ పని ఎలా చేస్తాయి?

నాకు నచ్చింది పెన్నా ఇసుకే. ఏటి నీళ్లలో దొర్లిదొర్లి గింజల అంచులు అరిగిపోయి ఉంటాయి. ఇల్లు కట్టే చోట సిమెంటు కలపకముందు ఒక బకెట్ అడిగి తెచ్చుకుంటే చాలు, ఏట్లోకి వెళ్లి తవ్వక్కర్లేదు. రోబో శాండ్ మాత్రం వద్దు, క్రషర్‌లో పగిలిన రాయి కాబట్టి అంచులు పదునుగా ఉంటాయి. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక కూడా మంచిదే. మాకు అది నెల్లూరు ఇసుకే. వెనిగర్ పోసినా ఉలకదు, పలకదు. తెల్లగా ఉండటంతో చెత్త స్పష్టంగా కనిపిస్తుంది, కొన్ని చేపల రంగు కాస్త పాలిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ దుమ్ము పీల్చకూడదు, తడిపాకే ముట్టుకోండి.

దోమతెరలో జల్లించి, బకెట్లో చేయి పెట్టి కలుపుతూ నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. నాకు పదిహేను, ఇరవై నీళ్లు పట్టాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్యాంకుకు రెండంగుళాల మందం వేయాలంటే 14 కేజీల దాకా కావాలి. అంతకు మించి సన్న ఇసుక వేస్తే అడుగున గాలి ఆడక నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. వారానికోసారి వేలితో పైపైన కదపండి. ట్యాంకు నింపేటప్పుడు ఇసుక మీద పళ్లెం పెట్టి, దాని మీద నీళ్లు పోస్తే ఇసుక లేవదు.

మేనల్లుడికి మొన్న ఒక సంచి పెన్నా ఇసుక పంపించాను. నెలన్నర ఆగి ఆరు కోరీలు వేస్తానన్నాడు. రోజూ నీళ్లు టెస్ట్ చేసి ఫోటో పంపుతున్నాడు.