ఉద్యోగం మానేసి పిల్లల జిమ్ నడపాలంటే

పెద్ద కంపెనీలో మంచి జీతం వదులుకుని, ఇంటివాళ్లు నడుపుతున్న పిల్లల జిమ్నాస్టిక్స్ సెంటర్‌ను చేతికి తీసుకునేవాళ్లను చూసి కొందరు ధైర్యం చేశారంటారు, ఇంకొందరు తొందరపడ్డారంటారు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆఫీసులో నేర్చుకున్నవాటిలో ఏవి వెంట తెచ్చుకుంటున్నారు? నా ఉద్దేశంలో చాలామంది అక్కడే వదిలేయాల్సినవి మోసుకొచ్చి, తీరా తేవాల్సినవి మాత్రం వదిలేసి వస్తారు.

ముందు డబ్బు సంగతి. జిమ్నాస్టిక్స్‌కు ఎత్తైన కప్పున్న పెద్ద హాలు కావాలి. మ్యాట్‌లు, వేలాడడానికి బార్లు, మీద నడవడానికి దూలాల్లాంటి సన్నటి బీమ్‌లు, దూకడానికి స్పాంజి ముక్కలు నింపిన ఫోమ్ పిట్ ఉండాలి. పిల్లలు వచ్చినా రాకపోయినా అద్దె, ఇన్సూరెన్స్ ఆగవు. వాళ్లు వచ్చేదేమో స్కూలు అయ్యాక సాయంత్రాలు, సెలవు రోజులు. మిగతా సమయమంతా హాలు ఖాళీ. గోడ మీద పతకాల ఫొటోలు ఉన్నా జిమ్‌ను నిలబెట్టేది పోటీల టీమ్ కాదు. వారానికి ఒకటి రెండు సార్లు వచ్చి పిల్లిమొగ్గలు వేసి, బార్‌కు వేలాడి, చెమటతో నవ్వుకుంటూ ఇంటికెళ్లే మామూలు పిల్లల ఫీజులే దాన్ని నడిపిస్తాయి. వాళ్లలో ఎక్కువమంది ఏ పోటీకీ వెళ్లరు. ఇంకో మాట, భార్యో తమ్ముడో రోజంతా రిసెప్షన్‌లో కూర్చుంటే ఆ జీతం కూడా లెక్కలో రాయాలి. రాయకపోతే లాభంగా కనిపించేది వాళ్ల కష్టమే.

ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి ఈ లెక్కలు ఇట్టే అర్థమవుతాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది. బ్యాచ్‌లో ఇంకో నలుగురిని వేద్దామనిపిస్తుంది. మూడు నెలల్లో ప్రతి పిల్లా కార్ట్‌వీల్ (చేతులు నేలకానించి పక్కకి చక్రంలా తిరగడం) చేయాలని చార్టు గీయాలనిపిస్తుంది.

పోటీల్లో వాడే బ్యాలెన్స్ బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 125 సెంటీమీటర్లు. చిన్నపిల్లలు మొదట నేల మీద గీసిన గీత మీద నడిచి, తర్వాత అడుగెత్తు కూడా లేని బీమ్ ఎక్కుతారు. ఆరేళ్ల పాప అలా నడుస్తుంటే మంచి కోచ్ చెయ్యి నడుము దగ్గరే ఉంటుంది, కానీ తాకదు. భుజాలు బిగిశాయా, చూపు పాదాల మీదికి జారిందా, ఊపిరి బిగబట్టిందా అని చూస్తూ ఉంటాడు. పాప భయపడిందనిపిస్తే కిందికి దించి మళ్లీ గీత మీద నడిపిస్తాడు. చార్టులో అది వెనకడుగే. పాపకు మాత్రం ఆ రోజు జరగాల్సిన మేలు అదే. అదే కోచ్ చూపు పదిహేను మంది మీద పరుచుకుంటే బిగుసుకున్న ఆ భుజాలు కనిపించవు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాల్లో ఉన్నప్పుడు తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియడం లేదని టీమ్ ఫైనల్ మధ్యలో ఆగిపోయింది. కొన్ని రోజుల తర్వాత బీమ్ మీద కాంస్యం గెలిచింది. ప్రపంచ ఛాంపియన్‌కే ఆగే హక్కు ఉన్నప్పుడు ఆరేళ్ల పిల్లకు ఉండొద్దా?

ఇక తెచ్చుకోవాల్సినవి. పెద్ద ఆఫీసులో బిల్లు పెట్టేది ఒకరు, సంతకం చేసేది ఇంకొకరు. బాస్ మీద ఫిర్యాదు ఉంటే బాస్‌కే చెప్పుకోవాల్సిన పని ఉండదు. ఈ పద్ధతులతో విసిగిపోయి వచ్చినవాళ్లకు ఇంటి జిమ్ హాయిగా అనిపిస్తుంది. అంతా మనవాళ్లే, ఫారాలెందుకు అనుకుంటారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఈ మాటే.

అమెరికా జిమ్నాస్టిక్స్ టీమ్ డాక్టర్ ల్యారీ నాసర్ ఏళ్ల తరబడి అమ్మాయిలపై లైంగిక దాడులు చేశాడు. 2018 జనవరిలో 150 మందికి పైగా కోర్టులో తమ గోడు చెప్పుకున్నారు. వాళ్లలో కొందరు అంతకుముందే పెద్దవాళ్లకు చెప్పారు, పట్టించుకున్నవాళ్లు లేరు. బ్రిటన్‌లో 2022లో వచ్చిన వైట్ రివ్యూ (Whyte Review) అనే స్వతంత్ర విచారణ నివేదిక కూడా అక్కడి జిమ్నాస్టిక్స్‌లో పిల్లలపై శారీరక, మానసిక వేధింపులు వ్యవస్థ అంతటా ఉన్నాయని తేల్చింది.

చిన్న జిమ్‌లో ఇలాంటిది జరగదని ఎలా అనుకుంటాం? తండ్రి హెడ్ కోచ్, తల్లి లెక్కలు చూస్తుంది, కొడుకు మేనేజర్. స్ట్రెచింగ్ చేయిస్తూ కోచ్ తన కూతురి కాలు ఏడ్చేదాకా నొక్కాడని ఒక తల్లి చెప్పాలనుకుంటే, ఆ కోచ్ కొడుకుకే చెప్పాలి. ఆమె చెప్పదు. మరుసటి నెల ఫీజు కట్టకుండా మానేస్తుంది, అంతే. అందుకే కుటుంబానికి సంబంధం లేని ఒక మనిషి ఫోన్ నంబర్ గోడ మీద ఉండాలి. పిల్లలతో ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి. కోచ్ పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. చిన్న దెబ్బ తగిలినా రిజిస్టర్‌లో రాయాలి.

ఇవి పెడతానంటే తండ్రి మనసు కష్టపడుతుంది. "ఇన్నేళ్లలో నా మీద ఒక్క మాట పడలేదు, ఇప్పుడు నన్నే అనుమానిస్తావా?" అంటాడు. "మీ గురించి కాదు నాన్నా, మీ తర్వాత వచ్చే కోచ్ ఎలాంటివాడో మనకు తెలియదు" అని ఓపిగ్గా చెప్పాలి. ఒక్కసారికి ఒప్పుకోకపోతే మళ్లీ చెప్పాలి. ఉద్యోగంలో ఎన్ని మీటింగులు నడిపినవాళ్లకైనా ఇంత కష్టమైన మాట ఎదురై ఉండదు.

వీటన్నిటికీ ఖర్చవుతుంది. ప్రతి బ్యాచ్‌కూ రెండో మనిషి జీతం ఇవ్వాలి, బ్యాచ్‌లు చిన్నవిగా ఉంచాలి, కాబట్టి మొదట్లో మిగిలేది తక్కువే. ఆ జీతాలకు సరిపడా డబ్బు చేతిలో లేకపోతే, ఇంకో ఏడాది ఉద్యోగం చేసి కూడబెట్టాకే రాజీనామా ఇవ్వడం మంచిది.