సవరణ: ఫుట్‌పాత్ 1.2 కాదు, 1.8 మీటర్లు

మొన్న కర్నూలు సిటీ రైల్వే స్టేషన్ బయట రోడ్డు గురించి మన కాలనీవాళ్ల అర్జీ పెడుతూ, ఫుట్‌పాత్ 1.2 మీటర్లుంటే చాలని రాశాను. తప్పు నాదే. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, వాళ్ల ఐఆర్‌సీ 103 అనే పాదచారుల సౌకర్యాల మార్గదర్శకాల ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్లుండాలి, అదీ స్తంభాలూ తోపుడు బండ్లూ పోగా మిగిలిన వెడల్పు, పైగా గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మనకాడ మోకాలెత్తు గట్టు కట్టేసి, ముసలివాళ్లు ఎక్కలేక రోడ్డు మీద నడిస్తే వాళ్లనే తిడతారు, అది వేరే కథ. ఇంకోటి, ఆ అర్జీలోనే స్పీడ్ బ్రేకర్ కావాలన్నాను కదా, మనమడిగింది అది కాదు, ఫుట్‌పాత్ ఎత్తుకే లేపిన జీబ్రా క్రాసింగ్, సూట్‌కేసు లాక్కుంటూ దిగకుండానే దాటొచ్చు. అర్జీలో మార్చాను, పాతదాని మీద సంతకం చేసినవాళ్లు మళ్లీ చేయండప్పా.