'ఇంకొక్కటి' గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఇంకొక్కటి' గారి దివ్యసముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. జిమ్ములో అందరి నోళ్లలోనూ నానుతూ ఒక్క కిలో కూడా ఎత్తని వారి క్షేమానికేం లోటు! ఇక నా సంగతి. ఈ పొద్దున కాజీపేట స్టేషన్‌లో మెట్ల వంతెన దిగలేక సికింద్రాబాద్ రైలు పోగొట్టుకున్నాను. ఎక్కడం ఎట్లాగో ఎక్కాను. దిగడానికే తొడలు ఒప్పుకోలేదు. రెయిలింగ్ పట్టుకొని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతుంటే, నెత్తి మీద మూటతో వెనక వస్తున్న ఓ అవ్వ ఆగి, "పైలం బిడ్డా, పక్షవాతమా?" అని అడిగి, నన్ను దాటిపోయి రైలెక్కింది. నా టీషర్ట్ మీదేమో 'బీస్ట్' అని రాసి ఉంది.

మొన్న సాయంత్రం లెగ్ డే, అంటే కాళ్ల కసరత్తుల రోజు. భుజాల మీద బార్ మోస్తూ గుంజీలు తీసే స్క్వాట్ల దగ్గర కోచ్ అన్న "ఇదే లాస్ట్ తమ్మీ" అని మాటిచ్చాడు. బార్ ర్యాక్ మీద పెట్టబోతుండగా తమరు వేంచేశారు. "ఇంకొక్కటి కొట్టు!" కొట్టాను. "అరె, మస్తు బలముంది నీకు, ఇంకొక్కటి!" లెగ్ ప్రెస్‌కూ తమరే, ఎక్స్‌టెన్షన్‌కూ తమరే. ఎప్పుడో ఒకసారి వస్తే చుట్టమనుకుంటాం. ప్రతి సెట్‌కూ, వారమంతా వచ్చి కూర్చుంటే ఏమనుకోవాలి?

చిన్న మనవి. కండ జిమ్ములో పెరగదు. అక్కడ దానికి పని చెప్పి వస్తాం, అంతే. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల పాటు ఒంట్లో కొత్త ప్రొటీన్ కట్టే పని జోరుగా నడుస్తుంది. అదీ తిండీ నిద్రా అందితేనే. స్లాబ్ పోసిన మర్నాడే సెంట్రింగ్ ఊడగొట్టి పైఅంతస్తు లేపుతానన్న మేస్త్రీని హన్మకొండలో ఎవరైనా రెండోసారి పిలుస్తారా? తమరిని మాత్రం రోజూ పిలుస్తున్నారు. ఇంకో రెండు రెప్పుల ఓపిక, అంటే ఇంకో రెండుసార్లు ఎత్తి దించే ఓపిక, మిగిలుండగా సెట్ ఆపినా కండ దాదాపు అంతే పెరుగుతుంది. ప్రాణం పోయేదాకా లాగితే అలసట మిగులుతుంది, తర్వాతి సెట్‌లో పది రావాల్సిన చోట ఆరు వస్తాయి. ఒకటి ఇచ్చి నాలుగు పట్టుకుపోయే వ్యాపారం తమరిది.

ఈ మాట అంటే గోడ మీది డోరియన్ యేట్స్ పోస్టర్ చూపిస్తారు. 1992 నుంచి 1997 దాకా వరుసగా 6 సార్లు మిస్టర్ ఒలింపియా, బాడీబిల్డింగ్‌లో అన్నిటికన్నా పెద్ద టైటిల్. నిజమే, ఫెయిల్యూర్ దాకా, అంటే ఇక ఒక్కటీ లేవనంత దాకా కొట్టేవాడు. కానీ వార్మప్ అయ్యాక ఒక్కో ఎక్సర్‌సైజుకు అసలు సెట్ ఒక్కటే. మిగతా టైమంతా తిని పడుకునేవాడు. అయినా 1994లో బైసెప్స్ తెగింది, 1997లో ట్రైసెప్స్ తెగింది, ఆ ఏటి టైటిల్‌తోనే స్టేజీకి దూరమయ్యాడు. అంతకు ముందు 1984 నుంచి 1991 దాకా 8 టైటిళ్లు కొట్టిన లీ హేనీదైతే అసలు వేరే దారి: కండను తట్టి లేపితే చాలు, చంపొద్దంటాడు. ఆయన పోస్టర్ మా జిమ్ములో లేదు. అరుపులకు పనికిరాడు కదా!

బెంచ్ ప్రెస్‌లో సాయం పేరుతో రెండు చేతులా మన బార్ లాగుతూ "అంతా నీదే తమ్మీ" అనే అన్నల గురించి ఇంకోసారి రాస్తాను. అద్దం ముందు సెట్‌కో ఫొటో దిగేవాళ్ల గురించి రాయను, వాళ్లు కనీసం రెస్ట్ తీసుకుంటున్నారు.

ఇప్పుడు మర్యాద పక్కన పెడుతున్నా. నీకు నా కండల మీద అంత ప్రేముంటే, రాత్రి పన్నెండింటికి నేను రీల్స్ చూస్తున్నప్పుడు వచ్చి "ఇంకొక్క గంట పడుకో తమ్మీ" అని ఎందుకు అరవవు? నెలాఖరులో గుడ్ల ట్రే ఖాళీ అయినప్పుడు "ఇంకొక్కటి తిను" అని తెచ్చి ఎందుకు పెట్టవు? కిలో బరువుకు గ్రామున్నర ప్రొటీన్ కావాలంటే హాస్టల్ పప్పుచారుతో ఎక్కడ సరిపోతుంది? వేరేవాడి వెన్నుపూస మీద బార్ ఉంటేనే నీకు గొంతు లేస్తుంది.

సరే, బైసెప్స్ కర్ల్ ఆఖరి సెట్ దగ్గరకు రా. అక్కడ చేతులు ఎత్తేసినా ఎవరికీ నష్టం లేదు, నాకూ కొంచెం సరదాగానే ఉంటుంది. స్క్వాట్ ర్యాక్ పక్కకు మాత్రం రాకు.

రేపు మళ్లీ లెగ్సేనట. నేను రాను. తొడలు తేలికపడ్డాక వస్తా. కోచ్ అన్న అడిగితే ఫీజు కట్టింది నేనేనని చెప్పు.

ఇట్లు,
కాజీపేట ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం బెంచీ మీది బీస్ట్