బ్రిటన్ ఎయిర్‌షోలకు కాలం చెల్లిందన్న మాటకు నా జవాబు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ల మధ్య కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. సారాంశం ఇది: ‘ఎయిర్‌షోల పని అయిపోయింది. జనానికి ఆసక్తి పోయింది కాబట్టే ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. షోర్‌హామ్‌లో 11 మంది చనిపోయినా బుద్ధి రాలేదు. ఎనభై తొంభై ఏళ్ల నాటి విమానాలను మ్యూజియంలో పెట్టి తాళం వేయక ఇంకా ఎగరేయడం దేనికి? అయినా ఇది పాత సామ్రాజ్యపు గొప్పలు చెప్పుకునే తెల్లవాళ్ల పండుగ, మనకు అక్కడ పనేమిటి? కాలుష్యం సరేసరి.’

పంపినవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లూ ఉన్నారు. అందుకే చదివి ఊరుకోలేకపోతున్నాను. నేను బెడ్‌ఫర్డ్ దగ్గర ఉంటాను. ఏటా వేసవిలో మా ఇంటిల్లిపాదీ కనీసం రెండు ప్రదర్శనలకైనా వెళ్తాం. ఈ సందేశంలో ఉన్న ప్రతి మాటకూ నా దగ్గర జవాబుంది, ఒప్పుకోవలసిన చోట ఒప్పుకోవడానికి అభ్యంతరమూ లేదు.

మూతపడుతున్న మాట నిజమే. బోర్న్‌మత్ సముద్రతీరంలో 2008లో మొదలైన ఉత్సవం 2024తో ఆగింది. సండర్లాండ్‌లో 2019 తర్వాత జరగలేదు. వైమానిక దళ స్థావరాల్లో జరిగేవాటిలో ల్యూకర్స్ 2013తో, వాడింగ్టన్ 2014తో ముగిశాయి. ఒకప్పుడు దేశమంతటా స్థావరాలు ఏడాదికొకసారి జనానికి తలుపులు తెరిచేవి. ఇప్పుడు ఆ దళం అధికారికంగా జరిపే ప్రదర్శన కాస్‌ఫర్డ్ ఒక్కటే.

అయితే జనం రాక ఆగాయా? బోర్న్‌మత్‌లో ఆ నాలుగు రోజులూ ఇసుక కనిపించేది కాదు. చిక్కల్లా అక్కడే ఉంది. సముద్రతీరానికి గేటు పెట్టి టికెట్టు అమ్మలేరు. జనం ఎంత ఎక్కువ వస్తే పోలీసులు, అంబులెన్సులు, మరుగుదొడ్లు, వాహనాలు దూసుకురాకుండా అడ్డుపెట్టే దిమ్మెలు, మర్నాటి చెత్త, అన్నిటికీ అంత ఖర్చు. అందులో పెద్ద భారం స్థానిక కౌన్సిల్ మీద పడుతుంది. వృద్ధుల సంరక్షణకే డబ్బు చాలక తల పట్టుకున్న కౌన్సిల్ ముందుగా దేన్ని వదులుకుంటుందో ఊహించడం కష్టం కాదు. ఉచితంగా చూపించే స్తోమత కౌన్సిళ్లకు తగ్గింది. దాన్ని తీసుకొచ్చి చూసేవాళ్లకు ఆసక్తి తగ్గినట్టు చెప్పడం తప్పు.

టికెట్టు పెట్టిన చోట చూడండి. గ్లోస్టర్‌షైర్‌లోని ఫెయిర్‌ఫర్డ్‌లో జూలైలో జరిగే ఎయిర్ టాటూ అనే భారీ విమాన ప్రదర్శనకు మూడు రోజుల్లో రెండు లక్షల మంది దాకా వస్తారు. టికెట్లు ముందే కొనుక్కోవాలి, ఆలస్యం చేస్తే దొరకవు. కేంబ్రిడ్జ్ దగ్గరి పాత వైమానిక స్థావరం డక్స్‌ఫర్డ్‌లో కూడా అంతే, మంచి వాతావరణం ఉన్న రోజున ఉదయం పది దాటితే కార్ల వరుస రోడ్డు మీదికి వస్తుంది. ఆసక్తి చచ్చిపోయిన చోట కనిపించే దృశ్యాలు కావివి.

ఇక షోర్‌హామ్. దీని గురించి గొంతు తగ్గించి మాట్లాడాలి. 2015 ఆగస్టు 22న హాకర్ హంటర్ జెట్ ఒకటి పల్టీ కొట్టే విన్యాసంలోకి చాలినంత వేగం లేకుండా వెళ్లింది, శిఖరానికి చేరేసరికి ఉండవలసినంత ఎత్తులో లేదు. అక్కడి నుంచైనా విన్యాసం వదిలేసి బయటపడే వీలుండేది. అది జరగలేదు. విమానం ఏ27 రహదారి మీద కూలింది. చనిపోయిన 11 మందిలో ఎవరూ టికెట్టు కొని ఆవరణలో కూర్చున్నవాళ్లు కాదు. కొందరు తమ పని మీద ఆ దారిన వెళ్తున్నవాళ్లు, కొందరు రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నవాళ్లు. పైలట్ బతికాడు. 2019లో కోర్టు ఆయన నిర్దోషి అని తీర్పు చెప్పింది. 2022లో మరణ విచారణాధికారి ఆ 11 మందివీ చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలని తేల్చారు. ప్రమాదం నుంచి ఈ రెండో తీర్పు దాకా ఆ కుటుంబాలు ఏడేళ్లు గడిపాయి. అడూర్ నది ఒడ్డున పాత చెక్క వంతెన దగ్గర వాళ్ల స్మారకం ఉంది. నేను వెళ్లి చూశాను. ఎయిర్‌షోలను ఇష్టపడే ప్రతివాళ్లూ ఒకసారి అక్కడ నిలబడాలని నా అభిప్రాయం.

కానీ ‘బుద్ధి రాలేదు’ అన్న మాట అబద్ధం. షోర్‌హామ్‌లో ఆ తర్వాత మళ్లీ ఎయిర్‌షో జరగలేదు. పౌర విమానయాన సంస్థ నిబంధనలన్నిటినీ తిరగరాసింది. విమానానికీ జనానికీ మధ్య ఉండవలసిన దూరం పెరిగింది. ప్రదర్శన మొత్తానికి బాధ్యత వహించే డైరెక్టరుకు ప్రత్యేక గుర్తింపు తప్పనిసరి అయింది. ఆవరణ లోపలే కాక, విన్యాసం జరిగే చోటికి కింద ఏ రోడ్డుంది, ఏ ఇళ్లున్నాయి, గోడ అవతల ఎవరు గుమిగూడతారు అన్నది కూడా ముందే లెక్కలోకి తీసుకోవాలి. షోర్‌హామ్‌లో తప్పింది సరిగ్గా ఈ లెక్కే. ప్రైవేటు చేతుల్లోని పాత యుద్ధ జెట్‌లు నేల మీదుగా ఎగిరేటప్పుడు పల్టీలు కొట్టకుండా, నేరుగా ఎగిరి వెళ్లేలా కట్టడి చేశారు. రుసుములు కూడా పెంచారు, ఈ భారం మోయలేక కొన్ని చిన్న ప్రదర్శనలు ఆగిపోయాయి. మూతపడుతున్నాయని ఒక వాక్యంలో, పాఠం నేర్చుకోలేదని మరో వాక్యంలో రాసినవాళ్లు ఈ రెండిటికీ ఉన్న లంకెను చూడలేదు.

ఆ సందేశంతో పాటు వచ్చిన వీడియో గురించి కూడా చెప్పాలి. జనం మధ్యలోకి జెట్ దూసుకొచ్చే ఆ దృశ్యం బ్రిటన్‌ది కాదు. 2002లో ఉక్రెయిన్‌లోని స్క్నీలివ్‌లో 77 మందిని బలిగొన్న ప్రమాదమది. అంతకుముందు 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో 70 మంది పోయారు. అక్కడ విన్యాసం జనం వైపుకే సాగింది. బ్రిటన్ ఆ పాఠాన్ని చాలా ముందే, చాలా ఖరీదుకు నేర్చుకుంది. 1952 సెప్టెంబర్ 6న ఫార్న్‌బరోలో జాన్ డెరీ నడుపుతున్న డీహెచ్ 110 అనే జెట్ గాలిలోనే ముక్కలైంది. ఆయన, సహచరుడు ఆంథొనీ రిచర్డ్స్, కింద ఉన్న 29 మంది ప్రేక్షకులు మరణించారు. జనం మీదుగా, జనం వైపుగా విన్యాసాలు చేయకూడదన్న కట్టుబాటు అప్పటిది. ఆ తర్వాత బ్రిటన్‌లో ప్రేక్షకుల ఆవరణలో ఉన్నవాళ్లెవరూ ప్రదర్శన విమానం కూలి చనిపోలేదు.

పైలట్లు చనిపోయారు. 2024 మే 25న కోనింగ్స్‌బీ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కూలి స్క్వాడ్రన్ లీడర్ మార్క్ లాంగ్ మరణించారు. ఈ పనిలో ప్రమాదం లేదని నేను అనను. ఆ ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకున్నవాళ్ల మీదే ఉంచి, దారిన పోయేవాళ్ల మీద పడకుండా చూడడమే నిబంధనల పని. ఎగరడానికి తగదనిపిస్తే ఆపేస్తారు కూడా. వల్కన్ బాంబర్‌ను చూడటానికి దేశమంతా కదిలేది. దాన్ని నిర్మించిన పరిశ్రమలు ఇక సాంకేతిక బాధ్యత తీసుకోలేమని చెప్పడంతో 2015 అక్టోబరులో నేలకు దించేశారు. జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. అయినా దించేశారు.

‘మ్యూజియంలో పెట్టండి’ అన్న మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మా ఇంటికి దగ్గరలోనే ఓల్డ్ వార్డెన్ అనే పల్లె ఉంది. రిచర్డ్ షటిల్‌వర్త్ అనే యువకుడు పాత కార్లు, విమానాలు పోగుచేసేవాడు. 1940లో వైమానిక దళంలో ఉండగా ప్రాణం పోయింది. ఆయన తల్లి కొడుకు జ్ఞాపకంగా 1944లో ఒక ట్రస్టు పెట్టింది. ఆ సేకరణలో 1909 నాటి బ్లేరియో అనే విమానం ఉంది. ఆ ఏడాది జూలైలో ఇంగ్లిష్ ఛానల్ దాటిన రకమే. అది ఎగరాలంటే గాలి పూర్తిగా పడిపోవాలి. సాయంకాలపు ప్రదర్శనలో అందరూ గడ్డి మీద కూర్చుని గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం వంక చూస్తుంటారు. అది కొంచెం కదిలినా విమానం షెడ్డులోనే ఉండిపోతుంది. గొణిగేవాళ్లు ఎవరూ ఉండరు. గొట్టం వాలిపోయిన రోజున మాత్రం నలుగురు దాన్ని చేతులతో తోసుకుంటూ తెస్తారు. మనిషి ఎత్తు మించి లేవకుండా గడ్డి మీదుగా ఒక్క గెంతు వేసి దిగుతుంది. వేల మంది ఊపిరి బిగబట్టి చూస్తారు.

అక్కడే మొదటిసారి ఆవ్రో 504 అనే పాత విమానం ఇంజను తిప్పినప్పుడు నాకు వచ్చిన వాసన చెప్పాలి. ఆముదం! పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. మా నాయనమ్మ ఆదివారం ఉదయం తలకు పట్టించి ఎండలో కూర్చోబెట్టిన వాసన, కాకపోతే కాస్త మాడినట్టుగా. పక్కనున్న మెకానిక్ చెప్పాడు: ఈ రోటరీ ఇంజనులో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటు గుండ్రంగా తిరుగుతాయి, పెట్రోలు గాలితో కలిసి ఇంజను పొట్టలోంచే వెళ్తుంది, మామూలు నూనెలు పెట్రోలులో కరిగి పలచబడిపోతాయి, ఆముదం కరగదు. తిరిగే ఇంజను దాన్ని బయటికి చిమ్మేస్తూనే ఉంటుంది, పైలట్ కళ్లద్దాల మీద, రెక్కల మీద. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశపు ఆముదపు గింజలకు గిరాకీ పెరగడానికి ఇదొక కారణం. ఇది గాజు పెట్టెలో ఉన్న విమానం నాకు చెప్పగలిగేది కాదు.

వాసన ఒక్కటే కాదు. రెక్కల మీద నారబట్ట ఎంత బిగువుగా కట్టాలి, మైనం పట్టించిన దారంతో ఎంత ఎడంలో కుట్టాలి, కర్ర ఎక్కడ పగులుతుంది అన్నవి చేస్తూ ఉంటేనే బతికే విద్యలు. విమానం ఎగరడం మానేస్తే పదేళ్లలో ఆ చేతులు ఖాళీ అవుతాయి. మన దగ్గర నేతగాళ్ల ఇళ్లల్లో మగ్గం ఆగితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఎగరేస్తే పాడైపోతాయి అంటారు. డక్స్‌ఫర్డ్‌లోని బ్లెన్‌హైమ్ అనే రెండో ప్రపంచ యుద్ధపు బాంబర్ కథ వినండి. ఏళ్ల తరబడి బాగుచేసి 1987లో ఎగరేస్తే ఆ ఏడాదే కూలింది. మళ్లీ మొదలుపెట్టి 1993లో ఎగరేశారు. 2003లో దిగుతూ దెబ్బతింది. మూడోసారి బాగుచేసి 2014లో ఎగరేశారు. ఇప్పుడు దానికున్న ముక్కు భాగాన్ని యుద్ధం తర్వాత ఒకాయన ఎలక్ట్రిక్ కారుగా మార్చి రోడ్ల మీద నడిపాడు! తుక్కు కావలసిన ఆ ముక్కను వెతికి తెచ్చి మళ్లీ ఆకాశంలోకి పంపింది ఈ ఎగరేసే పిచ్చే.

అన్నిటినీ ఎగరేయాలని నేనూ అనను. ప్రపంచంలో ఒక్కటే మిగిలిన విమానాన్ని పందెం కాయకూడదు. ఏది ఎగరాలి, ఏది నిలవాలి అన్నది ఒక్కొక్క దాన్ని చూసి తేల్చుకోవలసిన విషయం. ‘తాళం వేయండి’ అనడం ఆ ఆలోచనను తప్పించుకోవడం.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే నొప్పించిన మాట: మనకు అక్కడ పనేమిటి అన్నది.

లండన్ హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఎఫ్1010 అనే సంఖ్యతో ఒక డీహెచ్ 9ఏ బాంబర్ ఉంది. 1918 నాటిది. దాని పక్కన నిలబడి చదివితే, ఇది హైదరాబాద్ నిజాం బహూకరణ అనీ, హైదరాబాద్ 12ఏ అనీ రాసి ఉంటుంది. ఏడో నిజాం ఇచ్చిన డబ్బుతో సమకూరిన 110వ స్క్వాడ్రన్ విమానమది. ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది. 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ చేరి, అక్కడి నుంచి పోలండ్ చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిస్తే బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. 1940లో బ్రిటన్ ఆకాశంలో జరిగిన యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌దీ హైదరాబాద్ పేరే, దాని చిహ్నం నిజాం తలపాగా. హరికేన్ అనే యుద్ధవిమానాలు నడిపిన 253 కూడా హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రనే. ఆ డబ్బు ఎవరిది? నిజాం ఖజానా నిండింది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ పల్లెల శిస్తుతో. ఇవ్వాలా వద్దా అని ఆ రైతులను ఎవరూ అడగలేదు. ఆ అక్షరాలు చదివినప్పుడు నాకు గర్వం, బాధ రెండూ ఒక్కసారే కలిగాయి. కానీ ‘ఇది వాళ్ల కథ, మనది కాదు’ అని మాత్రం అనిపించలేదు.

ఆ తరహాదే మరో విమానం, డీహెచ్ 9, రాజస్థాన్‌లోని బీకానేర్ రాజప్రాసాదపు పాత ఏనుగుల శాలలో దశాబ్దాలు పడి ఉంది. చెదలు తినగా మిగిలిన దాన్ని ఇంగ్లండ్ తెచ్చి, ఏళ్లపాటు శ్రమపడి, 2019లో డక్స్‌ఫర్డ్ నుంచి ఎగరేశారు. తలపాగా తీయకుండానే హరికేన్ నడిపిన మహీందర్ సింగ్ పుజ్జీ విగ్రహం గ్రేవ్‌సెండ్‌లో 2014 నుంచి నిలబడి ఉంది. ఇవన్నీ మనం వెళ్లి అడిగితే తప్ప ప్రదర్శనలో వ్యాఖ్యాత నోట రావు. అందుకే వెళ్లాలంటాను. ఫెయిర్‌ఫర్డ్‌లో ఆయుధాల కంపెనీల గుడారాలు చూస్తే నాకూ మనసు ముడుచుకుంటుంది, ఆ విమర్శ న్యాయమైనదే. అయితే దాన్ని ఓల్డ్ వార్డెన్ గడ్డి మైదానానికి అంటగట్టకూడదు.

కాలుష్యం సంగతి: పాత ఇంజన్లు తాగే పెట్రోలులో ఇంకా సీసం ఉంది, అది పోవలసిందే. 2021 నవంబరులో బ్రిటిష్ వైమానిక దళం కృత్రిమ పెట్రోలుతో ఒక చిన్న విమానాన్ని ఎగరేసి చూపింది కాబట్టి దారి లేకపోలేదు. ప్రదర్శనకు వచ్చే వేల కార్ల సంగతి కూడా అడగాలి. రైలు స్టేషను నుంచి బస్సులు వేయమని నిర్వాహకులను ఉత్తరం రాసి నిలదీస్తే దాని మీద నేనూ సంతకం పెడతాను.

సందేశం పంపిన నలుగురికీ ఒక మాట. హెండన్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. పిల్లలను తీసుకుని వెళ్లి ఆ హైదరాబాద్ అక్షరాలు చదివించండి. తర్వాత గాలి లేని ఒక సాయంత్రం చూసుకుని మా ఇంటికి రండి. ఓల్డ్ వార్డెన్‌కు అందరం కలిసి వెళ్దాం, పులిహోర మేం తెస్తాం.